దయ నేర్పే బడిలో మాదిగ పిల్లకు బెంచీ ఏది?

కేథలిక్ బళ్లలో ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా ఒక పాఠం తప్పదు. కేథలిక్ పిల్లలకైతే దాన్ని జ్ఞానోపదేశంలో చెబుతారు. మిగతా పిల్లలకు మోరల్ సైన్సు అంటారు. ఈమధ్య వాల్యూ ఎడ్యుకేషన్ అని ఇంకో పేరు కూడా వచ్చింది. పేరు ఏదైతేనేం, పాఠం ఒకటే: బీదల మీద దయ చూపాలి. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టాలి, బట్ట లేనివాడికి బట్ట ఇవ్వాలి, జబ్బుపడ్డవాణ్ణి పోయి పలకరించాలి. మంచి పాఠమే. పక్కవాణ్ణి తొక్కి ర్యాంకు కొట్టమని నేర్పే కార్పొరేట్ బళ్లు, కులపొగరు నూరిపోసే బళ్లు ఊరూరా ఉన్నప్పుడు, దయ నేర్పేవాళ్లను పట్టుకొని తిడతారేంది అని మీరు అడగొచ్చు.

అన్నలారా, అక్కలారా, దయను మేం తిట్టడం లేదు. మేం అడిగేది ఒకటే. ఆ పాఠంలో ఉన్న బీదవాడు ఎవడు? వాడి పిల్ల ఆ గదిలో ఏ బెంచీ మీద కూర్చుని ఉంది?

పాఠంలో బొమ్మ చూడండి. చిరిగిన గుడ్డలు, చేతిలో బొచ్చె, పక్కన కర్ర. వాడికి పేరుండదు. ఊరుండదు. కూలి ఎంత వస్తుందో రాయరు. వాడి తాత దున్నిన చెక్క ఎవరి పట్టాలోకి పోయిందో రాయరు. కులం అసలే రాయరు. వానకు పుట్టగొడుగు మొలిచినట్టు వీధి మొగలో మొలిచి ఉంటాడు. వాడి బీదతనానికి కారణం ఎవరూ కాదు, కాబట్టి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఒక రొట్టె ముక్క ఇస్తే పాఠం అయిపోయింది.

మన ఊళ్లల్లో అయిదేళ్ల పిల్లోణ్ణి అడగండి, బీదోళ్లు యాడుంటారని. వేలు పెట్టి చూపిస్తాడు. కాలవ అవతల, చెప్పులు విడిచి ఊళ్లోకి రావాల్సి వచ్చిన వాడ వైపు చూపిస్తాడు. పిల్లోడికి తెలిసిన సంగతి పాఠం రాసినవాళ్లకు తెలియకనా? తెలుసు. "బీదలు" అనే మాట మంచి దుప్పటి. దాని కింద మాల, మాదిగ, రెల్లి అందరినీ కప్పేయొచ్చు. కప్పినాక ఆ దుప్పటే మళ్లీ మనకు పంపిణీ చేయొచ్చు.

ఏసు చెప్పిన ఉపమానాల్లో పేరున్న మనిషి ఒక్కడే. లాజరు. ధనవంతుడి వాకిట్లో ఒంటి నిండా పుండ్లతో పడి ఉన్నవాడు. ఊదారంగు బట్టలు కట్టి రోజూ విందులు చేసుకునే ఆ ధనవంతుడికి మాత్రం కథలో పేరు లేదు. లూకా సువార్త 16వ అధ్యాయం, ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఇప్పుడు మన కేథలిక్ బళ్ల గోడలు చూడండి. పాలరాతి పలక మీద దాత పేరుంటుంది, ఆయన తండ్రి పేరుంటుంది, చివర కులం తోక కూడా ఉంటుంది. దుప్పటి తీసుకున్న ముసలమ్మ పేరు ఎక్కడా ఉండదు. ఫోటో కింద "బీదలకు దుప్పట్ల పంపిణీ" అని ఉంటుంది, అంతే. ఏసు పెట్టిన వరసను తిరగేశారు.

ఇంకో సంగతి. ఆ ధనవంతుడు లాజరును కొట్టలేదు. తిట్టలేదు. వాకిట్లోంచి గెంటించలేదు కూడా. మన ఊరి పెద్దలతో పోలిస్తే మెత్తని మనిషే అనాలి. కథలో అతను చేసిన తప్పు ఒక్కటే కనబడుతుంది. ఇద్దరి మధ్యా గేటు ఉంది, ఆ గేటు అతను తియ్యలేదు. ఈ కథనే బడి వార్షికోత్సవంలో నాటకం వేయిస్తారు. లాజరు వేషం ఎవరికిస్తారో మీకు చెప్పక్కర్లేదు. నల్లగా, బక్కగా ఉన్నోడికి. ఆయా కొడుక్కో, స్వీపరు కొడుక్కో. "నీకు మేకప్ కూడా అక్కర్లేదురా" అని నవ్వుతారు. ఆ పిల్లోడు ఇంటికొచ్చి తల్లికి ఏం చెప్పుకున్నాడో ఏ సిస్టరమ్మ అడిగింది? నాటకం అయిపోతుంది, చప్పట్లు కొడతారు, కార్లు బయటికి పోవటానికి వాచ్‌మన్ గేటు తీస్తాడు. మళ్లీ వేస్తాడు.

డిబ్బీ లెక్క

విభూది బుధవారం నాడు పిల్లల చేతికి అట్ట డిబ్బీలు ఇస్తారు. తపస్సుకాలం నలభై రోజులూ చాకొలెట్లు మాని, ఐస్‌క్రీములు మాని ఆ రూపాయలు డిబ్బీలో వెయ్యాలి. ఏ తరగతి ఎక్కువ వసూలు చేస్తే ఆ తరగతికి బహుమతి. దయలో కూడా ఫస్టు, సెకండు, థర్డు! డబ్బున్న పిల్ల తండ్రిని అడిగి అయిదొందల నోటు మడిచి వేస్తుంది. ఫీజు రాయితీ మీద చదివే మన పిల్ల ఖాళీ డిబ్బీ పట్టుకుని తల దించుకుని నిలబడుతుంది. ఆ డబ్బు ఎవరి పేరు చెప్పి వసూలు చేస్తున్నారో వాళ్ల పిల్లే ఆ వరసలో సిగ్గుపడి నిలబడి ఉంది. ఇది టీచరుకు కనబడదు.

ఈ డిబ్బీకి చరిత్ర ఉంది. 1843లో ఫ్రాన్సులో నాన్సీ బిషప్పు ఫోర్బిన్ జాన్సన్, పిల్లల చేత పిల్లలకు సాయం చేయించాలని ఒక సంఘం పెట్టాడు. ఫ్రాన్సు పిల్లలు నెలకొక చిన్న నాణెం వెయ్యాలి, రోజుకొక చిన్న జపం చెప్పాలి. ఆ డబ్బు చైనా పిల్లల కోసం. ఆ సంఘం ఇప్పటికీ లోకమంతా ఉంది. అప్పుడు ఇచ్చే పిల్లకూ పుచ్చుకునే పిల్లకూ మధ్య సముద్రాలున్నాయి, కాబట్టి ఒకరినొకరు చూడలేకపోయారంటే అర్థముంది. మన దగ్గర మధ్యలో ఉన్నది ప్రహరీ గోడ. కొన్ని చోట్ల అదీ లేదు, వెనక బెంచీయే.

ఈ పాఠానికి రెండో సగం ఉంది. అది పుస్తకంలో అచ్చు వెయ్యరు. డబ్బున్న పిల్లకు ఇవ్వటం నేర్పుతారు. బీద పిల్లకు దండం పెట్టటం నేర్పుతారు. మిషను బోర్డింగుల్లో చదివినవాళ్లు ఈ కాగితం చదివేవాళ్లలో ఎంతమంది లేరు! మీకు గుర్తుండే ఉంటుంది. క్రిస్మసుకు ముందు ఇటలీకో జర్మనీకో ఉత్తరాలు రాయించేవాళ్లు. నల్లబల్ల మీద మాదిరి ఉత్తరం రాసి ఉండేది. మేం క్షేమం, మీ దయవల్ల అన్నం తింటున్నాం, మీ దయవల్ల చదువుకుంటున్నాం, మీ కోసం జపాలు చెబుతున్నాం. చేతిరాత బాగున్నోడి ఉత్తరం ముందు పోయేది. అందులో ఒక్క ముక్క సొంతంగా రాస్తే కొట్టివేసేవాళ్లు. మా అమ్మ మిరపకాయ కోతకు పోతుంది, నాకు సబ్బుకీ నూనెకీ డబ్బులు అదే పంపుతుంది అని రాస్తే, అదెందుకురా, వాళ్లు బాధపడతారు అనేవాళ్లు. చూశారా! పిల్లకు అన్నం పెట్టింది ఎప్పుడూ చూడని దొరగారయ్యాడు. ఎండలో మిరపచేలో నడుం వంచిన తల్లి లెక్కలోనే లేకుండా పోయింది. దొరగారి మంచితనాన్ని మేం కాదనం. ఆయన తన రెక్కల కష్టంలోంచే పంపి ఉంటాడు. కానీ తల్లి కష్టాన్ని దాచిపెట్టి దాత దయను నేర్పితే ఆ పిల్ల జీవితాంతం ఎవరో ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. రేపు ఎమ్మార్వో ఆఫీసులో తన హక్కు కాగితం అడగాల్సి వచ్చినా, "దయచేసి సార్" అంటూ గొణుగుతుంది.

"బోర్డింగే లేకపోతే మీకు చదువే లేదు గదా" అంటారు ఫాదరుగార్లు. నిజం. దాన్ని మేం దాచం. ఊరి బడిలో పంతులు మనోణ్ణి అరుగు కింద కూర్చోబెట్టి, తాకితే మైల అని దూరం నుంచి బెత్తం విసిరిన రోజుల్లో మన తాతల చేత పలక పట్టించింది మిషన్లే. లూథరన్లు, బాప్టిస్టులు, కేథలిక్కులు. నెల్లూరు, గుంటూరు వైపు మిల్‌హిల్ ఫాదర్లు తిరిగారు, హైదరాబాదు, బెజవాడ వైపు మిలాన్ ఫాదర్లు తిరిగారు. 1904లో హాలండు నుంచి జె.ఎం.జె. సిస్టర్లు గుంటూరులో దిగారు. వాళ్లు మన గూడేల్లోకి నడిచి వచ్చారు, మన కుండల్లో నీళ్లు తాగారు. అప్పటి దయకు కాళ్లున్నాయి. అది మన ఇంటికి నడిచి వచ్చింది.

అసలు కేథలిక్ ఎలిమెంటరీ బడి పుట్టిందే బీదవాడి కోసం. 1597లో రోమ్‌లో జోసెఫ్ కలసాన్స్ అనే గురువు బీదపిల్లలకు ఫీజు లేని బడి పెట్టాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో రీమ్స్ పట్టణంలో జాన్ బాప్టిస్టు దె లా సాల్. కలిగిన ఇంటి బిడ్డ, చర్చిలో మంచి ఆదాయమున్న పదవి ఉన్నవాడు. 1683లో ఆ పదవి వదిలేశాడు. కరువొస్తే ఆస్తి పంచేశాడు. పిల్లలకు లాటిన్‌లో కాకుండా వాళ్ల ఇంటి భాషలో చదవటం నేర్పాడు. ఫీజు పుచ్చుకోలేదు. ఆయన బీదల మీద ఎన్ని ప్రసంగాలు చేశాడో గానీ, ముందు బీదవాణ్ణి తెచ్చి బళ్లో కూర్చోబెట్టాడు. 2025 అక్టోబరులో పోపు లియో 14 బీదల మీద ప్రేమ గురించి రాసిన పెద్ద లేఖలో వీళ్లిద్దరినీ తలుచుకున్నాడు. తలుచుకోవటం బాగుంది. మరి వాళ్ల బడి ఏమైంది?

ఆ బడి పట్టణంలో ఇంగ్లీషు మీడియం కాన్వెంటు అయింది. పాత తెలుగు మీడియం ఎయిడెడ్ బడి చాలాచోట్ల అదే ఆవరణలో ఒక మూల రేకుల కింద ఉండేది. ఎయిడెడ్ పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు. 2021లో ఆంధ్రలో ప్రభుత్వం ఎయిడు వదులుకోమని మేనేజిమెంట్ల మీద ఒత్తిడి తెచ్చింది. ఈ పాపం ప్రభుత్వానిది, దాన్ని ఫాదర్ల నెత్తిన వెయ్యం. కానీ ఒకే ఆవరణలో రెండు బళ్లు, రెండు రంగుల యూనిఫారాలు, రెండు గేట్లు పెట్టింది ప్రభుత్వం కాదు. కాన్వెంటు పిల్లల్ని "బీదల దర్శనం" అని వరసలో నడిపించి రేకుల షెడ్డు కాడికి తెచ్చి బిస్కెట్ ప్యాకెట్లు పంచిపెట్టించింది ప్రభుత్వం కాదు. 2017 నుంచి నవంబరులో ఒక ఆదివారం "బీదల దినం" జరుపుతున్నారు. ఏడాదికి ఒక రోజు! మిగతా 364 రోజులు ఎవరివో అడక్కండి.

బోర్డు ఎవరిది? తలలు ఎవరివి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇది సంఘాల్లో పనిచేసేవాళ్లు బాగా గుర్తు పెట్టుకోవాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బళ్లన్నీ ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలి. ఆంధ్రలో ఆ 25లో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4. అయితే 2014 మే 6న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల బెంచి మైనారిటీ బళ్లకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ బళ్లు తాము నడుపుకునే హక్కు ఇచ్చింది, దానికి అడ్డం రాకూడదు అంది. 2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీలు ఈ తీర్పు సరైందేనా అని అనుమానపడి పెద్ద బెంచీకి పంపాలన్నారు. ఆ గొడవ కోర్టులో ఉంటే ఉండనీండి.

30వ అధికరణం మంచిది. దాన్ని పీకెయ్యాలని చూసేవాళ్లు ఎవరో మనకు తెలుసు, వాళ్లతో మనకు పొత్తు లేదు. కానీ మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీరు మైనారిటీ ఎట్లా అయ్యారు? తలకాయలు లెక్కపెడితే అయ్యారు. ఆ తలకాయలు ఎవరివి? కేథలిక్ బిషప్పుల సభ 2016 డిసెంబరులో దళితుల మీద తన విధానం ప్రకటించింది. దేశంలో కోటీ తొంభై లక్షల కేథలిక్కుల్లో కోటీ ఇరవై లక్షలు దళితులేనని అందులో వాళ్లే ఒప్పుకున్నారు. చర్చిలో అంటరానితనం ఉందని కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకుందాం, చాలామంది అది కూడా చెయ్యరు. మరి మూడింట రెండు వంతుల తలలు మావైనప్పుడు, మా తలలు చూపించి తెచ్చుకున్న మైనారిటీ బోర్డు గేటు మీద వేలాడేసి, ఆ బోర్డు చూపించే మా పిల్లకు సీటు లేదంటే దాన్నేమంటారు? కోడి మాది, పలావు మీది!

చట్టం మినహాయించింది అంటే ఇవ్వక్కర్లేదని అర్థం. ఇవ్వొద్దని కాదు. చట్టం బలవంతం లేకుండా ఇచ్చేదాన్నే గదా మీ మోరల్ సైన్సు పుస్తకంలో దయ అంటారు? అయిదేళ్ల పిల్ల తన చాకొలెట్ మానుకుని డిబ్బీలో వెయ్యాలి. మేనేజిమెంటు మాత్రం వందలో పాతిక సీట్లు మానుకోలేదా?

ఇచ్చే బళ్లు లేవని మేం అనం. చప్పుడు చెయ్యకుండా ఫీజులు మాఫీ చేసే సిస్టరమ్మలు ఉన్నారు, వాళ్ల పేరు మన తల్లులు దీపం పెట్టి తలుచుకుంటారు. కానీ అది ఆ అమ్మ మంచితనం. ఆ అమ్మకు బదిలీ అయితే రాయితీ కూడా బదిలీ అవుతుంది. మంచితనం మీద బతకటం ఎట్లా ఉంటుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు? దొర మంచోడైతే పండక్కి పాత చొక్కా, చెడ్డోడైతే చెర్నాకోల.

గుడిలో సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే బడి గుడి కడుపులోంచే పుట్టింది. ఆంధ్ర కేథలిక్కుల్లో రెడ్లున్నారు, కమ్మవాళ్లున్నారు. ఒకే సత్ప్రసాదం నోట్లో పెట్టుకుంటారు, ఒకే గిన్నెలో అన్నం తినరు. మనతో పిల్లనివ్వరు, పుచ్చుకోరు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. మన కులాల నుంచి మొదటి కార్డినల్. వాడవాడలా స్వీట్లు పంచుకున్నాం, పంచుకోవాల్సిందే. అయితే ఎర్ర టోపీ ఒక తల మీదికి వచ్చినంత మాత్రాన ఒకటో తరగతిలో బెంచీ దానంతట అది జరగదు.

మన పిల్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. గుడి రిజిస్టరులో మరియమ్మ, బడి రిజిస్టరులో లక్ష్మి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాకపోతే ఎస్సీ కాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు తియ్యలేదు. ఆంధ్రలో క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక శాతం విదిలించారు. 2023 మార్చిలో ఆంధ్ర అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. కనుక మన పిల్ల గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు మోసుకు తిరుగుతుంది. సత్యం పలకాలి అని అదే మోరల్ సైన్సు పాఠంలో ఉంది. ఆరేళ్ల పిల్లకు అబద్ధం నేర్పింది ఎవరు, ఆ పిల్లా, ఈ దేశమా? ఈ ఉత్తర్వు గురించి కేథలిక్ బళ్లో ఒక్క పీరియడ్ చెప్పారా? చెబితే పిల్లలకు బీదతనం ఎట్లా తయారవుతుందో తెలుస్తుంది గదా!

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో తేల్చి చెప్పాడు. 1932లో పూనా ఒడంబడిక అయ్యాక అంటరానితనం పోగొడతామని గాంధీ మనుషులు ఒక సంఘం పెట్టారు, అదే హరిజన సేవక సంఘం అయింది. ఆ నవంబరులో లండన్ పోతూ ఓడ మీద నుంచి అంబేద్కర్ దాని కార్యదర్శి ఠక్కర్‌కు ఉత్తరం రాశాడు. ఆయన అడిగింది ఇది. బీదవాడి కష్టానికి బీదవాడి గుణమే కారణమనుకుంటే వాడికి నీతులు, పుస్తకాలు, మందులు పంచుతారు. వాడి చుట్టూ ఉన్న లోకమే కారణమనుకుంటే బావి కాడ, బడి కాడ, రచ్చబండ కాడ హక్కు కోసం నిలబడతారు. మీరు ఏ దారి? వాళ్లు మొదటి దారే పట్టారు. అది తేలిక. దాంట్లో ఊరి పెద్దలతో తగాదా ఉండదు. మన కాన్వెంటు దయ కూడా ఆ దారినే పోతోంది.

ఇది మేం బయట నుంచి తెచ్చిన మాట అనుకుంటే కేథలిక్కుల ఇంట్లో మాటే చెబుతాం. 1973లో స్పెయిన్‌లో వాలెన్సియా పట్టణంలో జెసూయిట్ల పెద్ద పేద్రో అరూపె తమ బళ్లలో చదివిన పాత విద్యార్థుల సభలో మాట్లాడాడు. అందరూ కలిగినవాళ్లు, పెద్ద ఉద్యోగస్తులు. మీకు న్యాయం నేర్పామా అని తనే అడిగి, లేదు, నేర్పలేదు అని తనే ఒప్పుకున్నాడు. చాలామందికి కోపం వచ్చింది. దయ గురించి మాట్లాడి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్లు. న్యాయం అంటే కోపం వస్తుంది. ఏ మాట దేనికి పనికొస్తుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇక డబ్బు మాట. టీచర్లకు జీతాలు ఎట్లా, కరెంటు బిల్లు ఎట్లా, ఫీజుల్లేకుండా బడి నడుస్తుందా అంటారు. న్యాయమైన ప్రశ్న. దానికి మా జవాబు: లెక్కలు బల్ల మీద పెట్టండి. పట్నం కాన్వెంటు మిగులు ఎంత, అది ఏ పల్లె బడికి పోతోంది, ఎంతమంది పిల్లలకు ఎంత రాయితీ, మేత్రాసనం ఆ లెక్క విచారణ సంఘంలో చదివి వినిపించాలి. మాకు లెక్కలు రావనుకోకండి. కూలి డబ్బులు ఎగ్గొట్టించుకుని ఎగ్గొట్టించుకుని మాకు లెక్కలు బాగా వచ్చాయి. బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు చిల్లర నాణేలు వేసిన కథ ప్రతి ఏడూ చెబుతారు. మన ఆడోళ్లు పూటపూటా పిడికెడు బియ్యం తీసి గుడికి మోశారు గదా, వాళ్లకు ఆ కథ కంఠతా వచ్చు. కానీ లూకా సువార్తలో ఆ కథకు సరిగ్గా ముందు ఏముందో చెప్పరు. విధవరాళ్ల ఇళ్లు దిగమింగి పైకి పొడుగాటి జపాలు చెప్పే శాస్త్రుల గురించి ఏసు హెచ్చరించిన మాట ఉంది. అది ఇరవయ్యో అధ్యాయం చివర, ఇది ఇరవై ఒకటి మొదట. అధ్యాయం మారింది గదా అని అక్కడ పుస్తకం మూసేస్తారు కాబోలు.

మనోళ్లలోనే కొందరు భయపడుతున్నారు. ఇట్లా రాస్తే బయట కాషాయంవాళ్లు పట్టుకుంటారు, చర్చిల మీద పడతారు అని. ఆ భయం ఉత్తది కాదు. 2007 డిసెంబరులో, 2008 ఆగస్టులో కంధమాల్‌లో కాలింది ఎవరి ఇళ్లు? దళిత క్రైస్తవులవి, ఆదివాసీ క్రైస్తవులవి. గుడి మీద దాడి జరిగితే ముందు తల పగిలేది మనది. అందుకే అడిగే హక్కు కూడా ముందు మనదే. దెబ్బలకు మేం, సీట్లకు ఇంకొకళ్లా?

మరి పిల్లలకు ఏం నేర్పాలి అంటారా? 1985 జులైలో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువును పాడు చేస్తుంటే ఇదేందని అడిగినోణ్ణి కొట్టారు. అడ్డం పోయిన ఒక ఆడమనిషి మీదికి చెర్నాకోల లేచింది. ఆమె నీళ్ల బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆమె పేరు మున్నంగి సువార్త. ఆమె దయ అడగలేదు. నీళ్లు బాగుండాలని అడిగింది. ఈ సువార్తను మూడో తరగతి జ్ఞానోపదేశంలో చెప్పండి. కలిగినవాళ్ల పిల్లలకు కూడా చెప్పండి, వాళ్లు విని తట్టుకోగలరు, పిల్లలు పెద్దలంత పిరికివాళ్లు కారు. బీదవాడు ఎందుకు బీదవాడు అని ఒక్కసారి అడగనివ్వండి. మీ ఇంట్లో పనిచేసే అక్కకు నెలకెంత ఇస్తారు, ఆమె గ్లాసు వేరే ఎందుకుంది, ఆమె పిల్ల ఏ బడికి పోతుంది అని ఇంటి పని ఇచ్చి పంపండి. మర్నాడు తల్లిదండ్రులు గేటు కాడికి పోట్లాటకు వస్తారు. అప్పుడు ఫాదరుగారు ఎవరి పక్కన నిలబడతారో చూద్దాం.

సంఘాలవాళ్లకు ఒక పని. బళ్లు జూన్‌లో తెరుస్తారు గానీ కాన్వెంటు సీట్లు చాలాచోట్ల అంతకుముందే అయిపోతాయి. జూన్ దాకా కూర్చోవద్దు. తపస్సుకాలంలోనే, డిబ్బీలు పంచే రోజుల్లోనే ప్రతి విచారణ నుంచి పదిమంది తల్లులు ఫాదరుగారి కాడికి పోవాలి. ఉపదేశిని కూడా వెంట రమ్మనండి, ఆయన జీతం ఎంతో ఆయన్నే చెప్పమనండి. ఒకటో తరగతిలో మన పిల్లలు ఎంతమందో అడగండి. నూటికి పాతిక ఎప్పటి నుంచి ఇస్తారో తేదీ అడగండి, కాగితం మీద రాయించుకోండి. రాయితీ ఇస్తే స్టేజీ ఎక్కించి ఇవ్వొద్దని, ఫోటో తియ్యొద్దని, దొరగారి ఉత్తరాలు మన పిల్లల చేత రాయించొద్దని గట్టిగా చెప్పండి. మర్యాదగా మాట్లాడండి, కానీ నిలబడి కాదు, కుర్చీల్లో కూర్చుని మాట్లాడండి. పిల్లల్ని కూడా తీసుకుపోండి. పిల్ల కేథలిక్ అనటానికి జ్ఞానస్నానం సర్టిఫికెట్టు ఏదీ అని అడిగితే, అది మీ రిజిస్టరులోనే ఉంది, తీసి చూసుకోమనండి.